ఆ కాలేజీకి ఆ పేరు ఎందుకొచ్చింది?

ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ తేదీలు రాగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఒకే మాట తిరిగి తిరిగి కనిపిస్తుంది: "ఆ కాలేజీ అంత మంచిది కాదంటున్నారు." అంటున్నది ఎవరో, వాళ్లు ఎప్పుడు చదివారో, ఏ బ్రాంచి సంగతి చెబుతున్నారో మాత్రం ఉండదు. ఇలాంటి మాటలకు చాలాసార్లు ఎక్కడో ఒక ఆధారం ఉంటుంది. అది ఏ కాలానిదో, ఏ బ్రాంచిదో విడదీసి చూడటం ఎలాగన్నదే ఈసారి జవాబుల్లో చెబుతున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి ఉస్మానియా క్యాంపస్ ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. మా బావగారేమో "అక్కడ ఎప్పుడూ ధర్నాలే, క్లాసులు జరగవు, ప్రైవేటులో వేయండి" అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: మీ బావగారి మాట అబద్ధం కాదు గానీ, పాతది. 1969లోనూ, మళ్లీ 2009 చివరి నుంచి 2014 దాకానూ తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియా కేంద్రంగా నిలిచింది. ఆ రోజుల్లో అక్కడ చదివినవాళ్లు పరీక్షల వాయిదాలు చూశారు. వాళ్లే ఇప్పుడు మన ఇళ్లల్లో బాబాయిలు, మేనమామలు. సలహా చెప్పేదీ వాళ్లే. పైగా "ఓయూలో ఉద్రిక్తత" అని టీవీలో చూపించేది ఎక్కువగా ఆర్ట్స్ కాలేజీ ముందరి రోడ్డు, ఎన్‌సీసీ గేటు. 1929లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ అదే ఆవరణలో ఉన్నా దాని ప్రిన్సిపాల్ వేరు, టైమ్‌టేబుల్ వేరు. ఆవరణ ఒకటే కావడంతో పేరూ అందరికీ కలిపే పడింది.

క్లాసులు జరుగుతున్నాయో లేదో మీరే తేల్చుకోవచ్చు. జేఎన్‌టీయూ వాళ్లు అకడమిక్ క్యాలెండర్ అనేదాన్ని ఓయూలో అల్మనాక్ అంటారు. సెమిస్టర్ ఎప్పుడు మొదలై, క్లాసులు ఎప్పుడు ముగిసి, పరీక్షలు ఎప్పుడు జరగాలో అందులో ఉంటుంది. గత రెండు సెమిస్టర్ల అల్మనాక్‌నూ, నిజంగా పరీక్షలు జరిగిన తేదీల టైమ్‌టేబుల్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. వారం పది రోజుల తేడా ఎక్కడైనా వస్తుంది. నెల దాటితే కారణం అడగాల్సిందే.

ఆ తర్వాత రెండో ఏడాది చదివే పిల్లలెవరినైనా అడిగి ల్యాబ్ రికార్డు మొదటి పేజీ చూడండి. ప్రయోగం సంఖ్య, పేరు, తేదీ, పేజీ, సంతకం అని గళ్లుంటాయి. తేదీలు వారం వారం నడుస్తూ, సంతకాల సిరా మారుతూ ఉంటే ల్యాబ్ జరిగినట్టు. పన్నెండు ప్రయోగాలకూ ఒకే పెన్నుతో ఒకే ఊపులో సంతకాలు పడి ఉంటే, పరీక్ష ముందురోజు రికార్డు దిద్దించుకున్నట్టు. లక్షలు కట్టే ప్రైవేటు కాలేజీకైనా ఇదే పరీక్ష పెట్టండి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీల్లో ధర్నాల కంటే ముందు అడగాల్సింది ఖాళీల గురించి. రిటైరైన ప్రొఫెసర్ల స్థానాలు భర్తీ కాకపోతే క్లాసులు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద నడుస్తాయి. వాళ్లలో చక్కగా చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే వాళ్లకు ఉద్యోగ భద్రత లేదు, సెమిస్టర్ మధ్యలో మారిపోతే నష్టపోయేది పిల్లలే. మీ అమ్మాయి కోరే బ్రాంచిలో రెగ్యులర్ అధ్యాపకులు ఎందరో వెబ్‌సైట్లో చూసి, ఆ పేర్లు ఈ సెమిస్టర్ టైమ్‌టేబుల్లో ఉన్నాయో లేదో సరిచూడండి. హాస్టల్లో మొదటి ఏడాదే గది ఇస్తారా అన్నది కూడా చేరకముందే కనుక్కోండి.

ప్రశ్న: నేను అనుకుంటున్న కాలేజీలో సీఎస్‌ఈ లాస్ట్ ర్యాంకు మూడేళ్లలో 9 వేల నుంచి 15 వేలకు పోయింది. కాలేజీ పడిపోయిందని ఫ్రెండ్స్ అంటున్నారు.
— విద్యార్థి, ఖమ్మం

జవాబు: ముందు సీట్లు చూడు బాబూ. ఒక బ్రాంచిలో 240 సీట్లకు మించకూడదని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) పరిమితి ఉండేది. ప్రమాణాలు పాటించే కాలేజీలకు 2024–25 నుంచి దాన్ని ఎత్తేశారు. దాంతో పేరున్న కాలేజీలు సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకున్నాయి. 180 సీట్లున్న చోట 360 అయితే చివరి సీటు మరింత కింది ర్యాంకుకు దిగడం మామూలే, దానికి కాలేజీ పడిపోనక్కర్లేదు.

సీట్లు పెరిగితే నిజంగా చూడాల్సింది ఇంకొకటి. ఏఐసీటీఈ లెక్కలో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఏడాదికి 180 మంది అంటే నాలుగేళ్లకు 720 మంది, 36 మంది అధ్యాపకులు. ఏడాదికి 360 అయితే 72 మంది. సీట్లు రెట్టింపైన కాలేజీలో అధ్యాపకుల జాబితా కూడా పెరిగిందా, ల్యాబులు కొత్తవి కట్టారా, లేక ఒకే ల్యాబును మూడు బ్యాచ్‌లు పంచుకుంటున్నాయా? కాలేజీ పడిపోతే అక్కడ పడిపోతుంది.

లాస్ట్ ర్యాంకు పట్టిక చదవడంలో చాలామంది చేసే పొరపాట్లు కొన్ని చెబుతాం. అందులో ప్రతి బ్రాంచికీ కేటగిరీ వారీగా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేరే కాలమ్‌లుంటాయి. నీ కాలమ్ ఏదో అదే చూడాలి. ఒక ఏడాది మొదటి విడత పట్టికనూ ఇంకో ఏడాది చివరి విడత పట్టికనూ పోల్చకూడదు. మొదటి విడతలో సీటు తీసుకున్నవాళ్లలో కొందరు ఎన్‌ఐటీకో ఐఐటీకో వెళ్లిపోతారు, ఆ సీట్లు చివరి విడతలో దూరపు ర్యాంకులకు వెళ్తాయి. మామూలు సీఎస్‌ఈ, సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌ఈ డేటా సైన్స్ వేర్వేరు బ్రాంచి కోడ్‌లు, వాటిని కలపొద్దు. చిన్న కోటాల ర్యాంకులు ఏటా ఎగిరి దూకుతాయి. బీసీ–సీకి 1 శాతం రిజర్వేషన్, 60 సీట్ల సెక్షన్లో అది నిండా ఒక్క సీటు కూడా కాదు. ఆ ఒక్కరు ఎవరన్నదాన్ని బట్టి ర్యాంకు ఏడాదికో రకంగా కనిపిస్తుంది. 2025లో ఎస్సీ వర్గీకరణ వచ్చింది కాబట్టి ఆ కాలమ్‌లను పాత ఏళ్లతో నేరుగా పోల్చడం కుదరదు.

ఇంకో సంగతి. హైదరాబాద్ వైపు ఆప్షన్లు పెట్టేవాళ్లు "ఓయూ, జేఎన్‌టీయూ, సీబీఐటీ, వాసవి, వీఎన్‌ఆర్" అని ఒక వరుస కంఠతా పడతారు. సీబీఐటీ 1979 నాటిది, వాసవి 1981 నాటిది. ఆ పేర్లు ఊరికే రాలేదు. కానీ మంచి ర్యాంకు వాళ్లు ఆ వరుసలోనే పెడతారు, లాస్ట్ ర్యాంకులూ ఆ వరుసలోనే పడతాయి, వచ్చే ఏడాది పిల్లలు ఆ ర్యాంకులు చూసి మళ్లీ అదే వరుస పెడతారు. కాబట్టి లాస్ట్ ర్యాంకును బట్టి తెలిసేది ఎంతమంది ఆ కాలేజీని కోరుకుంటున్నారన్న సంగతి. మంచి ర్యాంకర్లతో కలిసి చదవడం లాభమే, కాదనం. నీ బ్రాంచిలో పాఠం ఎవరు చెబుతారో ఆ పట్టిక చెప్పదు, అంతే.

ప్రశ్న: "కిట్స్ మంచి కాలేజీ" అని అందరూ అంటే మా తమ్ముడి చేత పెట్టించాను. తీరా చూస్తే అది వరంగల్‌ది కాదు. ఇదెలా జరిగింది?
— హుజూరాబాద్

జవాబు: వరంగల్ కిట్స్ అంటే కాకతీయ, 1980 నాటిది. మీ హుజూరాబాద్ దగ్గర సింగాపురంలో ఉన్నది కమలా పేరుతో ఉన్న కిట్స్. కోదాడలో ఒకటి, గుంటూరు దగ్గర ఒకటి కూడా కిట్సే. కండ్లకోయలో సీఎంఆర్ పేరుతో పక్కపక్కనే నాలుగు కాలేజీలున్నాయి. ఒకదాని పేరు మంచిదైనా చెడ్డదైనా మిగతా వాటికి అంటుకుంటుంది. ఆప్షన్లు పెట్టేటప్పుడు పొట్టి పేరును నమ్మకండి. కాలేజీ కోడ్, ఊరు, జిల్లా కోడ్, స్థాపించిన సంవత్సరం నాలుగూ లాస్ట్ ర్యాంకు పట్టికలోనే ఉంటాయి. ముందు కాగితం మీద కోడ్‌తో రాసుకుని, దాన్ని చూసి వెబ్‌లో ఎక్కించండి. ఫ్రీజ్ చేసే ముందు ఇంకొకరి చేత చదివించి సరిచూసుకోండి. తర్వాతి విడత మిగిలి ఉంటే ఆప్షన్లు మళ్లీ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు: "44 లక్షల ప్యాకేజీ, 90 శాతం ప్లేస్‌మెంట్స్". అదే కాలేజీ పక్కన ఇంకో కాలేజీకి "ప్లేస్‌మెంట్స్ లేవు" అని పేరు. ఏది నమ్మాలి?
— ఒక తల్లి, భీమవరం

జవాబు: ఫ్లెక్సీని పక్కన పెట్టి, ఆ రెండు కాలేజీల వెబ్‌సైట్లలో ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని ఉన్న చోట నొక్కండి. సాధారణంగా పేజీ అడుగున ఉంటుంది. కేంద్రం ఇచ్చే ర్యాంకుల కోసం కాలేజీ పంపిన లెక్కల పీడీఎఫ్ తెరుచుకుంటుంది. ర్యాంకు రాకపోయినా ఫర్వాలేదు, మనకు కావాల్సింది అందులోని ప్లేస్‌మెంట్, పైచదువుల పట్టిక. నాలుగేళ్ల కోర్సు వరుసలో ఇవి ఉంటాయి: మొదటి ఏడాది ఎన్ని సీట్లు, ఎందరు చేరారు, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏట (లేటరల్ ఎంట్రీ) ఎందరు వచ్చారు, గడువులోగా ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం (జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంత, ఎందరు పైచదువులకు వెళ్లారు.

లెక్క ఎలా చేయాలో ఊహించిన అంకెలతో చూపిస్తాం. 470 మంది చేరారు, లేటరల్ ఎంట్రీ పరీక్ష ఈసెట్ రాసి 50 మంది వచ్చారు, మొత్తం 520. గడువులో పాసైంది 410. ఉద్యోగం వచ్చింది 270. ఇప్పుడు 270ని 520తో చూస్తే 52 శాతం. 410తో చూస్తే 66 శాతం. బ్యాక్‌లాగ్‌లు లేకుండా 60 శాతం మార్కులు దాటి, కంపెనీల ముందు కూర్చోవడానికి అర్హులైనవాళ్లు 300 మందే అనుకుంటే 90 శాతం. ఫ్లెక్సీ మీద ఎక్కేది ఆ చివరిది. మూడూ తప్పుడు లెక్కలు కావు, కానీ మీ అబ్బాయి చేరేటప్పుడు ఉండేది ఆ 520 మందిలో. గడువులో పాస్ కాని 110 మంది సంగతి ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. రెండు కాలేజీలు పోల్చేటప్పుడు మేం మొదట చూసే అంకె అదే.

జీతం విషయంలో సగటును నమ్మకండి. వందమందిలో 99 మందికి 4 లక్షలు, ఒక్కరికి 44 లక్షలు వస్తే సగటు 4 లక్షల 40 వేలు అవుతుంది. మధ్యస్థం 4 లక్షల దగ్గరే నిలుస్తుంది. ఆ ఒక్కరు క్యాంపస్ ఇంటర్వ్యూలో కాక సొంతంగా బయట రాసి తెచ్చుకున్నారేమో కూడా అడగండి. ఆఫర్లు వేరు, విద్యార్థులు వేరు. ఒకే పిల్లాడికి మూడు కంపెనీలు పిలుపిస్తే ఫ్లెక్సీలో మూడు ఫోటోలు పడతాయి.

ఈ పట్టికలో ఒక లోటు ఉంది. అన్ని బ్రాంచిలూ కలిపే ఉంటాయి. కాబట్టి ప్లేస్‌మెంట్ ఆఫీసర్ని బ్రాంచి వారీగా, ఎంతమంది విద్యార్థులకు అని అడగండి. "ప్లేస్‌మెంట్స్ లేవు" అన్న పేరు చాలాసార్లు సివిల్, మెకానికల్ చదివినవాళ్ల నుంచి పుట్టి కాలేజీ మొత్తానికి పాకుతుంది.

ప్రశ్న: నాక్ ఏ ప్లస్ ప్లస్ వచ్చిన కాలేజీ ఉంటే ఏ వచ్చిన కాలేజీలో చేరడం తెలివితక్కువ కాదా?
— విద్యార్థిని, గుంటూరు

జవాబు: నాక్ అంటే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే సంస్థ. దాని గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. 4కు 3.51 గానీ ఆపైన గానీ వస్తే ఏ ప్లస్ ప్లస్, 3.01 నుంచి 3.25 దాకా ఏ. మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఏ సంవత్సరం ఇచ్చారో చూడాలి. 2025 ఫిబ్రవరిలో గ్రేడు కోసం లంచాల కేసులో తనిఖీ బృంద సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది, అందుకే ఒక్క గ్రేడునే పట్టుకుని వేలాడొద్దంటాం. నీకు ఎక్కువ పనికొచ్చేది ఎన్‌బీఏ గుర్తింపు. అది బ్రాంచికి విడిగా, మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు. నీ బ్రాంచికి ఉందా, గడువు మిగిలుందా అన్నది చూడమ్మా.

ప్రశ్న: మాది కాకినాడ. అనంతపురం జేఎన్‌టీయూ గురించి "సీమ కాలేజీ, గొడవలు, కంపెనీలు రావు" అంటారు. మా కాకినాడ జేఎన్‌టీయూకూ దానికీ పోలికే లేదంటారు.
— ఒక పాఠకుడు

జవాబు: రెండూ 1946లో పుట్టినవే. 1972లో రెండూ జేఎన్‌టీయూ కిందికి వచ్చాయి, 2008లో మళ్లీ రెండు విశ్వవిద్యాలయాలయ్యాయి. మీ వైపు అనంతపురం గురించి చెప్పేవాళ్లలో అక్కడ చదివినవాళ్లు తక్కువ, దానికి కారణం ఉంది. 85 శాతం సీట్లు స్థానికులకే. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత జిల్లాలు ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతం. రాయలసీమ నాలుగు జిల్లాలు, నెల్లూరు కలిపి శ్రీవేంకటేశ్వర ప్రాంతం. కోస్తా పిల్లలు అనంతపురంలో మిగతా 15 శాతంలోనే పోటీ పడాలి. వెళ్లేదే కొద్దిమంది కాబట్టి అనంతపురం సంగతి మీ దాకా వినికిడిగానే వస్తోంది.

లాస్ట్ ర్యాంకులు పోల్చినా ఇదే తిరకాసు. కాకినాడలో సీటు కోసం పోటీపడేది ఒక గుంపు, అనంతపురంలో మరో గుంపు. ర్యాంకు తేడాను కాలేజీ తేడాగా చదవకూడదు. కంపెనీల గురించి అడిగేటప్పుడు క్యాంపస్‌కు వచ్చినవి ఎన్ని, పిల్లలు వేరే ఊరు వెళ్లి రాసిన పూల్ డ్రైవ్‌లు ఎన్ని అని విడదీసి అడగండి. దూరపు కాలేజీల పిల్లలకు రాత్రి బస్సెక్కి వెళ్లి తెల్లారి పరీక్ష రాయాల్సి రావడం నిజమైన ఇబ్బంది. మీవాడు ఆలోచించాల్సింది దాని గురించి.

ప్రశ్న: మా బాబుకు సీటు వచ్చే కాలేజీ "ఫలానా కులం వాళ్లది, డబ్బున్నోళ్లది, మనవాడు అక్కడ ఇమడలేడు" అంటున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడ్డ కుటుంబం మాది.
— ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మన దగ్గర కాలేజీలకు యాజమాన్యం కులాన్ని బట్టి పేరు పెట్టడం పాత అలవాటు. ట్రస్టు ఎవరిదైనా కన్వీనర్ కోటా 70 శాతం సీట్లు ర్యాంకు, రిజర్వేషన్ ప్రకారం ప్రభుత్వమే నింపుతుంది. క్లాసులో మీ బాబు పక్కన కూర్చునేవాళ్లలో ఎక్కువమంది అలా వచ్చినవాళ్లే. యాజమాన్యం ముద్ర కనబడేది మిగతా 30 శాతంలో, ఉద్యోగ నియామకాల్లో. వివక్ష ఎక్కడా ఉండదని మేం అనం. చేరేముందు ఎస్సీ, ఎస్టీ విభాగం, ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు వెబ్‌సైట్లో ఉన్నాయో చూడండి. మీలాంటి ఇంటి నుంచి వచ్చిన సీనియర్లతో హాస్టల్ దగ్గరికి వెళ్లి ఒక గంట మాట్లాడండి.

డబ్బు లెక్క మాత్రం ఇప్పుడే వేసుకోండి. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు 10 వేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం, ఆ పైన ఏడాదికి 35 వేలు వస్తుంది. ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు షరతు లేదు. మీకు ఆ 35 వేలే వచ్చి, కాలేజీ ఫీజు లక్షా 20 వేలు అనుకుంటే ఏటా 85 వేలు, నాలుగేళ్లకు 3 లక్షల 40 వేలు మీ చేతి నుంచి. బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు దీనికి అదనం. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ మిమ్మల్ని కట్టమంటుందా, సర్టిఫికెట్లు ఆపుతుందా అన్నది పోయినేడు పాసైన పిల్లల్ని అడిగితే తెలుస్తుంది. ఒరిజినల్స్ పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే ఏవేం ఇచ్చారో రాయించి, సంతకం, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి.

ప్రశ్న: "జైలు కాలేజీ" అని పేరున్న చోట చేర్చితే అబ్బాయి బాగుపడతాడని మా ఆయన, పాడవుతాడని నేను.
— కరీంనగర్

జవాబు: ఫోన్లు లాక్కోవడం, గడ్డం గీసుకోలేదని గేటు దగ్గర ఆపడం వంటివాటికీ పాఠానికీ సంబంధం లేదు. హాజరు నిబంధన అన్నిచోట్లా దాదాపు ఒకటే: 75 శాతం, జబ్బులాంటి కారణం ఉంటే ఫీజు కట్టి 65 దాకా మినహాయింపు, ఆ కింద డిటెయిన్, అంటే సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు. "స్ట్రిక్ట్" అంటే హాజరు ప్రతి వారం ఇంటికి తెలియజేయడమా, లేక మెసేజ్ ఒక్కటీ పంపకుండా సెమిస్టర్ చివర డిటెయిన్ చేయడమా? మొదటిదైతే మీ ఇద్దరికీ మేలు. ర్యాగింగ్ సంగతి వేరు. దాన్ని నిషేధిస్తూ 1997 నుంచి మనకు చట్టం ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800–180–5522 మీ అబ్బాయి ఫోన్లో వేసి పంపండి.

ప్రశ్న: కోఠి ఉమెన్స్ కాలేజీ అంటే ఒక విలువ ఉండేది. పేరు మారాక మా అమ్మాయి డిగ్రీకి ఆ విలువ ఉంటుందా?
— నల్గొండ

జవాబు: రెసిడెన్సీ భవనంలో ఉన్న ఆ కాలేజీ 1924 నాటిది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అదే స్థలం, అదే కాలేజీ. పట్టా ఏ విశ్వవిద్యాలయం పేరున వస్తుందన్నది చేరిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. అది అడ్మిషన్ కాగితంలో చూసుకుని, మొదటి సెమిస్టర్ మెమో రాగానే దానితో సరిచూడండి. ఉద్యోగ దరఖాస్తుల్లో కొత్త పేరు పూర్తిగా రాసి, పక్కనే "పూర్వపు కోఠి మహిళా కళాశాల" అని రాస్తే ఎదుటివారు వెంటనే గుర్తుపడతారు. సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లేటప్పుడు పేరు మార్పు ఉత్తర్వు ప్రతి ఒకటి ఫైల్లో ఉంచుకోమనండి.